చిన్న షాపుల్లో సిబ్బంది శిక్షణకు ప్రభుత్వ సాయం: విశాఖ వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా షాపులో పనివాళ్లకు ట్రైనింగ్ ఇప్పించాలనుకుంటున్నాం. ప్రభుత్వం డబ్బులిస్తుందా?

ట్రైనింగ్ ఖర్చు పేరుతో నేరుగా మీ ఖాతాలో వేయడం ఉండదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. చిల్లర వర్తకానికి వచ్చే సాయం వేరే దారుల్లో వస్తుంది. షాపులో పని నేర్చుకునే అప్రెంటిస్ స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరిస్తుంది. కొన్ని శిక్షణలు, పరీక్షలు, సర్టిఫికెట్లు ఫీజు లేకుండా దొరుకుతాయి. కొత్తగా ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్ల మీద పీఎఫ్ లెక్కను బట్టి ప్రోత్సాహకం వస్తుంది. వీటిలో ఒకటి అప్రెంటిస్ ఖాతాకు పోతుంది, ఇంకొకటి శిక్షణ కేంద్రానికి, మూడోదే యజమానికి చేరుతుంది.

ఈ తేడా తెలియని వ్యాపారి దగ్గరికే ఏజెంట్లు వస్తారు. "ట్రైనింగ్ సబ్సిడీ శాంక్షన్ చేయిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అంటారు. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదుకు గానీ చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు గానీ ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు. ఫారం నింపినందుకు నెట్ సెంటర్‌కు ఇచ్చే కూలి వేరే సంగతి.

మాకు ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది. దాంతో ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శిక్షణ రాయితీలన్నీ వస్తాయి కదా?

రావు. 2021 జులై 2న కేంద్రం చిల్లర, టోకు వర్తకులను మళ్లీ ఎంఎస్ఎంఈల్లో చేర్చింది. అయితే ఆ మేలును ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేసింది. అంటే బ్యాంకులో అప్పు అడిగేటప్పుడు మీ సర్టిఫికెట్ పనికొస్తుంది. తయారీ యూనిట్లకు వచ్చే రాయితీలకు అది చెల్లదు. అలాగని పక్కన పడేయకండి, షాపు పేరు, చిరునామా, వ్యాపార స్వభావం ఒకేచోట చూపించే కాగితంగా అన్నిచోట్లా ఉపయోగపడుతుంది. కింద చెప్పే పథకాల్లో చాలావాటికి మాత్రం ఉద్యమ్ లేకపోయినా ఇబ్బంది లేదు.

అప్రెంటిస్ పథకంలో ప్రభుత్వం ఎంత ఇస్తుంది? మా జేబులోంచి ఎంత పోతుంది?

దీని పేరు జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం. అందరూ న్యాప్స్ అంటారు. 2016 ఆగస్టులో మొదలైంది, ఇప్పుడు రెండో దశ నడుస్తోంది. సూత్రం తేలికే. అప్రెంటిస్‌కు మీరిచ్చే స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు రూ. 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. మిగతాది షాపు ఇవ్వాలి.

స్టైపెండ్ ఎంతకు తగ్గకూడదో 2019 నిబంధనల్లో ఉంది. 5 నుంచి 9వ తరగతి చదివినవాళ్లకు నెలకు రూ. 5,000, పది పాసైతే రూ. 6,000, ఇంటర్ పాసైతే రూ. 7,000, డిప్లొమాకు రూ. 8,000, డిగ్రీకి రూ. 9,000. రెండో ఏడు 10 శాతం, మూడో ఏడు 15 శాతం పెంచాలి. ఈ మొత్తాలను 36 శాతం పెంచి రూ. 6,800 నుంచి రూ. 12,300 మధ్య ఉంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. కాబట్టి ఒప్పందం రాసే రోజున పోర్టల్ ఏ కనీస మొత్తం చూపిస్తే అదే లెక్క.

డాబాగార్డెన్స్‌లో 14 మంది పనిచేసే బట్టల షాపు ఉందనుకుందాం. ఇంటర్ పాసైన ఇద్దరిని ఏడాదికి తీసుకున్నారు. 2019 లెక్కన ఒక్కొక్కరికి నెలకు రూ. 7,000. అందులో పావు వంతు రూ. 1,750 అవుతుంది గానీ పరిమితి రూ. 1,500 కాబట్టి అంతే వస్తుంది. షాపు వాటా రూ. 5,500. ఏడాదికి ఇద్దరి మీద షాపు పెట్టేది రూ. 1,32,000, కేంద్రం పెట్టేది రూ. 36,000.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మధురవాడ నుంచో పెందుర్తి నుంచో రోజూ బస్సులో వచ్చి మధ్యాహ్నం బయట తినే పిల్లకు ఏడు వేలు ఏ మూలకూ చాలవు. కనీసం కన్నా ఒకటి రెండు వేలు ఎక్కువిచ్చే షాపుల్లో పిల్లలు నిలుస్తారు. మీరు రూ. 9,000 ఇచ్చినా కేంద్రం వాటా రూ. 1,500 అలాగే వస్తుంది, తగ్గదు. చౌకగా పనివాళ్లు దొరుకుతారని ఈ పథకంలోకి దిగితే ఆరు నెలలకు మీకు అప్రెంటిస్ ఉండరు, షాపుకు మంచిపేరూ ఉండదు.

ఎంతమంది సిబ్బంది ఉంటే అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు?

నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న షాపుకు ఇది ఐచ్ఛికం. 30 మంది, అంతకు మించి ఉంటే తప్పనిసరి. మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మధ్య తీసుకోవాలి. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. 20 మంది ఉన్న షాపుకు ముగ్గురు దాటరు. గాజువాకలో ఒకటి, గోపాలపట్నంలో ఒకటి చొప్పున రెండు కొట్లు ఒకే పాన్ మీద నడుపుతుంటే, సిబ్బందిని ఎక్కడ ఎందరిని చూపిస్తున్నారో ముందే రాసి పెట్టుకోండి. తర్వాత పీఎఫ్ లెక్కకూ దీనికీ పొంతన లేకపోతే తలనొప్పి.

ఇప్పటికే జీతం మీద ఉన్న కుర్రాడినే అప్రెంటిస్‌గా రాసేస్తే పోలేదా?

వద్దు. ఉద్యోగి వేరు, అప్రెంటిస్ వేరు. పీఎఫ్‌లో పేరున్న మనిషిని అప్రెంటిస్‌గా చూపిస్తే ఆధార్ దగ్గర దొరికిపోతారు. పీఎఫ్ లేకపోయినా అది ఆ కుర్రాడికి అన్యాయమే, ఉద్యోగిగా ఉండే హక్కులు పోతాయి. పాతవాళ్లకు వేరే దారి ఉంది, కింద చెప్పాం.

పోర్టల్‌లో నమోదు ఎలా చేయాలి? ఏ క్రమంలో?

అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ముందు సంస్థగా నమోదవ్వాలి. పాన్, జీఎస్‌టీ నంబరు, షాపుల చట్టం కింద కార్మిక శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, సిబ్బంది సంఖ్య చూపే ఆధారం దగ్గర పెట్టుకుని కూర్చోండి. షాపు పేరు అన్నిటిలో ఒకేలా ఉండాలి. బోర్డు మీద 'శ్రీ' ఉండి పాన్‌లో లేకపోతే పాన్‌లో ఉన్నట్టే రాయండి. ఈమెయిల్, ఫోను నంబరు యజమానివే ఇవ్వండి. అకౌంటెంటు నంబరు ఇచ్చారనుకోండి, ఆయన మానేసిన రోజున ఓటీపీలన్నీ ఆయన ఫోనుకే పోతాయి. ఇది ఎక్కువగా జరిగే తప్పు.

తర్వాత కోర్సు ఎంచుకోవాలి. చిల్లర వర్తకానికి సంబంధించినవి ఆప్షనల్ ట్రేడ్‌ల కింద ఉంటాయి. వీటి పాఠ్యక్రమం రిటైలర్స్ అసోసియేషన్స్ స్కిల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాది. క్యాషియర్, ట్రైనీ అసోసియేట్, సేల్స్ అసోసియేట్, స్టోర్ ఆపరేషన్స్ అసిస్టెంట్ లాంటివి కనిపిస్తాయి. ఆప్షనల్ ట్రేడ్ గడువు 6 నెలల నుంచి 36 నెలల వరకు ఉండొచ్చు. మా సలహా: మొదటిసారి తీసుకునేవాళ్లు ఏడాదికి మించొద్దు. కోర్సును షాపు పనిని బట్టి ఎంచుకోండి. క్యాషియర్ కోర్సు రాసి, ఏడాదంతా గోడౌన్‌లో మూటలు మోయిస్తే చివర్లో పరీక్ష తప్పేది ఆ పిల్లవాడే.

ఆ తర్వాత ఖాళీని ప్రకటించడం, అభ్యర్థి కూడా అదే పోర్టల్‌లో ఆధార్‌తో నమోదవ్వడం, మీరు ఎంపిక చేయడం, ఒప్పందం తయారవడం, ఇద్దరూ ఒప్పుకోవడం. అభ్యర్థి మైనరైతే సంరక్షకుల సంతకం కూడా కావాలి. చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండితే అప్రెంటిస్ కావచ్చు గానీ, రాత్రి దాకా తెరిచి ఉండే షాపులకు 18 నిండినవాళ్లనే తీసుకోమని చెబుతాం. ఒప్పందం కుదిరిన 7 రోజుల్లో వివరాలు పోర్టల్‌లో చేరాలి. ఒప్పందం నమోదు కాకముందు పనిలో పెట్టుకున్న రోజులకు ప్రభుత్వ వాటా అడగలేరు.

ఇంకో తేదీ గుర్తుంచుకోండి. న్యాప్స్, పీఎంకేవీవై 4.0 (ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన అనే నైపుణ్య శిక్షణ పథకం), జన్ శిక్షణ్ సంస్థాన్‌లను స్కిల్ ఇండియా ప్రోగ్రామ్ పేరుతో కలిపి 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ రూ. 8,800 కోట్లు ఆమోదించింది. ఆ ఆమోదం 2026 మార్చి 31 వరకు. ఆ తేదీ దాటి నడిచే ఒప్పందం రాసేటప్పుడు ప్రభుత్వ వాటా ఏ ఉత్తర్వు కింద వస్తుందో పోర్టల్‌లో చూసుకున్నాకే స్టైపెండ్ మొత్తం ఖాయం చేయండి.

మా వాటా ఇచ్చేశాం. అమ్మాయికి కేంద్రం వాటా పడలేదు. ఎందుకు?

రెండో దశలో కేంద్రం వాటా నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో పడుతుంది. షాపు చేతికి రాదు. ఆగిపోయిందంటే ముందుగా చూడాల్సింది పేరు.

మన వైపు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరే. కంప్యూటర్‌కు ముగ్గురు. అభ్యర్థిని ఎంపిక చేసిన రోజే ఆధార్, పాస్‌బుక్, మెమో మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించి, దాన్ని బట్టి బ్యాంకులో మార్పించి, తర్వాతే ఒప్పందం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిల విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

రెండోది ఆధార్ అనుసంధానం. బ్యాంకులో ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ ఖాతా ప్రభుత్వ చెల్లింపులకు మ్యాప్ అయి ఉండాలి. రెండు ఖాతాలుంటే చివరగా మ్యాప్ అయిన దాంట్లో డబ్బు పడుతుంది. చాలాసార్లు "రాలేదు" అన్న డబ్బు ఎప్పుడో స్కాలర్‌షిప్ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఉంటుంది.

మూడోది షాపు తప్పు. ప్రతి నెలా హాజరు, మీ వాటా చెల్లించిన వివరం పోర్టల్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే కేంద్రం వాటా కదలదు. స్టైపెండ్ తర్వాతి నెల 10వ తేదీలోపు ఇవ్వాలని నిబంధన. బ్యాంకు ద్వారానే ఇవ్వండి. గల్లాపెట్టెలోంచి తీసి చేతిలో పెట్టిన డబ్బుకు ఆధారం ఉండదు. జీఎస్‌టీ రిటర్ను పనితో పాటు ఇది కూడా నెలవారీ పద్దులో రాసుకుంటే మరిచిపోరు.

అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలా? కనీస వేతనం వర్తిస్తుందా?

అప్రెంటిస్ చట్టం కింద నమోదైన ఒప్పందం ఉంటే పీఎఫ్, ఈఎస్ఐ అక్కర్లేదు. చట్టం దృష్టిలో ఆ మనిషి శిక్షణార్థి, కార్మికుడు కాదు. అందువల్ల కనీస వేతనం బదులు కనీస స్టైపెండ్ ఉంటుంది. ఒప్పందం నమోదు కాకపోతే ఈ మినహాయింపులేవీ ఉండవు, మామూలు ఉద్యోగి కిందే లెక్క.

ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత మాత్రం యజమానిదే. నిచ్చెన ఎక్కి పై రాక్‌లో పెట్టెలు దించేటప్పుడు పడినా అంతే. లైసెన్సు లేని పిల్లాడికి షాపు బండి ఇచ్చి డెలివరీకి పంపకండి. పది మంది, అంతకు మించి ఉన్న చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాలి. ఆ చట్టం అప్రెంటిస్‌లకు కూడా రక్షణ ఇస్తుంది.

బీకాం చదివిన అబ్బాయిని అకౌంట్లు, స్టాకు చూసుకోవడానికి తీసుకుంటే?

అప్పుడు న్యాప్స్ బదులు న్యాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) చూడండి. పేర్లు దగ్గరగా ఉన్నా శాఖలు వేరు. న్యాట్స్ కేంద్ర విద్యాశాఖది, డిగ్రీ, డిప్లొమా వాళ్లకు. మన రాష్ట్రానికి చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. ఇక్కడ కేంద్రం కనీస స్టైపెండ్‌లో సగం భరిస్తుంది. 2019 రేట్ల ప్రకారం డిగ్రీకి రూ. 4,500, డిప్లొమాకు రూ. 4,000. బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకూ తలుపు తెరిచే ఉంది. ఒకే మనిషికి రెండు పథకాలూ కలిపి తీసుకోవడం కుదరదు.

మాది భార్యాభర్తలం, ఒక కుర్రాడు ఉన్న కిరాణా కొట్టు. మాకేమీ లేదా?

నలుగురి కన్నా తక్కువుంటే అప్రెంటిస్‌ను తీసుకోలేరు. కానీ ఆ కుర్రాడు, మీరు ఇద్దరూ స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చేసుకోవచ్చు. గాజువాక ఆటోనగర్‌లోని కేంద్ర ఎంఎస్ఎంఈ అభివృద్ధి కార్యాలయం వ్యాపార నైపుణ్య కార్యక్రమాలు నడుపుతుంటుంది, రాబోయే బ్యాచ్‌ల్లో వర్తకులను తీసుకుంటారా అని అడగండి. తోపుడు బండి, ఫుట్‌పాత్ వ్యాపారమైతే పీఎం స్వనిధి ఉంది. 2025లో దాన్ని మార్చి మొదటి విడత రుణం రూ. 15,000, రెండోది రూ. 25,000, మూడోది రూ. 50,000 చేశారు. రుణాలు 2030 మార్చి 31 దాకా ఇస్తారు. అందులో డిజిటల్ చెల్లింపులు, ఆహార పరిశుభ్రత మీద శిక్షణ కూడా భాగమే. నగరపాలక సంస్థ జీవీఎంసీ ద్వారా వెళ్లాలి.

పదేళ్లుగా మా దగ్గరున్న సేల్స్‌మెన్‌కు సర్టిఫికెట్ ఇప్పించవచ్చా?

ఇప్పించవచ్చు. పీఎంకేవీవైలో 'ఉన్న నైపుణ్యానికి గుర్తింపు' అనే విభాగం దీనికోసమే. అందరూ ఆర్‌పీఎల్ అంటారు. కొత్తగా నెలల తరబడి నేర్పరు. చిన్న పరిచయ శిక్షణ, తర్వాత పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. పథకం కింద నడిచే బ్యాచ్‌లో అభ్యర్థి కట్టాల్సిందేమీ లేదు.

చిక్కు ఏమిటంటే బ్యాచ్. ముగ్గురి కోసం ఏ శిక్షణ కేంద్రమూ బ్యాచ్ పెట్టదు. పూర్ణా మార్కెట్‌లో పక్కపక్క కొట్లవాళ్లు, లేదా మీ వర్తక సంఘం, కలిసి పేర్లు పోగుచేసి అడిగితే పని జరుగుతుంది. శిక్షణ కేంద్రం వాళ్లను బ్యాచ్ నంబరు, ఆ కేంద్రం నంబరు, పరీక్ష తెలుగులో ఉంటుందా, ఈ మూడు అడగండి. నంబర్లు చెప్పలేకపోతే అది ప్రైవేటు బ్యాచ్ అనుకోండి. పరీక్ష రోజున జీతం కోయకండి. ఇరవై ఏళ్లుగా గజం కర్రతో కొలుస్తున్న మనిషి పరీక్ష అంటే భయపడతాడు. తప్పినా ఉద్యోగానికి ఢోకా లేదని మీ నోటితో చెప్పండి.

కొత్తగా ఉద్యోగమిస్తే యజమానికి నెలకు మూడు వేలు వస్తాయట, నిజమేనా?

గరిష్ఠం మూడు వేలు. ఇది పీఎం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. శిక్షణ పథకం కాదు గానీ, శిక్షణ ఇచ్చిన మనిషిని నిలుపుకోవడానికి పనికొస్తుంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య చేరినవాళ్లకు వర్తిస్తుంది. పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం రూ. 10,000 లోపైతే యజమానికి నెలకు రూ. 1,000 దాకా, ఆ పైన రూ. 20,000 వరకు రూ. 2,000, అంతకు మించి లక్ష వరకు రూ. 3,000. వ్యాపార సంస్థలకు రెండేళ్లు.

షరతు ఇది: 50 మంది లోపు సిబ్బంది ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకోవాలి, ఆ అదనం ఆరు నెలలైనా నిలవాలి. ఒకరిని తీసుకుంటే ఏమీ రాదు. ఇద్దరిని తీసుకుని పాతవాళ్లలో ఒకరు మానేసినా లెక్క తప్పుతుంది. ఇప్పటికే పీఎఫ్ కడుతున్న 22 మంది షాపు, రూ. 13,000 జీతం మీద ఇద్దరిని అదనంగా నిలుపుకుంటే నెలకు రూ. 4,000, రెండేళ్లకు రూ. 96,000. ఇది పాన్‌తో ముడిపడిన యజమాని ఖాతాకే వస్తుంది. ఈ పథకం కోసమే కొత్తగా పీఎఫ్ కోడ్ తీసుకోవాలనుకునే షాపు, తన దగ్గర ముందునుంచే ఎందరు సిబ్బంది ఉన్నట్టు లెక్కిస్తారో పీఎఫ్ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే దిగాలి.

ఉద్యోగికి కూడా ఉంది. జీవితంలో మొదటిసారి పీఎఫ్‌లో చేరేవాళ్లకు ఒక నెల జీతం, రూ. 15,000 మించకుండా, రెండు వాయిదాల్లో వస్తుంది. ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి రెండోది. రెండోది రావాలంటే ఆర్థిక అక్షరాస్యత కోర్సు పూర్తిచేయాలి. అప్రెంటిస్‌గా ఉన్నన్నాళ్లూ పీఎఫ్ లేదు కదా, అందుకే మీ దగ్గర ఏడాది నేర్చుకున్న పిల్లను ఉద్యోగంలోకి తీసుకుంటే, ఇంతకుముందు ఎక్కడా పీఎఫ్ లేకపోతే, ఆమె మొదటిసారి చేరినట్టే. వరసగా రెండు పథకాలూ ఇలా కలిసొస్తాయి. పీఎఫ్ సభ్యులకిచ్చే యూఏఎన్ నంబరు ఉమాంగ్ యాప్‌లో ముఖ గుర్తింపుతో తీయాలి. షాపులో వెలుతురు బాగున్న చోట చేయించండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

అసలు ఏం నేర్పాలి? కోర్సు పుస్తకంలో ఉన్నదంతా మా కొట్టుకు సరిపోదు.

సరిపోదు, నిజమే. పుస్తకంలోది పరీక్ష కోసం, మీది కౌంటర్ కోసం. రెండూ కలపాలి. పరీక్ష వచ్చేటప్పుడు ఏ రోజు ఏం నేర్పారో రాసిన పుస్తకం ఉంటే మంచిది. రోజుకు రెండు వాక్యాలు చాలు.

ముందుగా డబ్బు. యూపీఐ చెల్లింపు తీసుకోవడం పిల్లలకు తెలుసనుకుంటారు. కట్టడం తెలుసు, తీసుకోవడం తెలియదు. రద్దీలో కస్టమర్ ఫోన్‌లో పచ్చ టిక్కు చూపించి వెళ్లిపోతాడు. అది పాత స్క్రీన్‌షాట్ కావచ్చు, నకిలీ యాప్ కావచ్చు. నేర్పాల్సింది ఒక్క అలవాటు: కస్టమర్ తెర చూడొద్దు, సౌండ్‌బాక్స్ చెప్పిన మొత్తం వినాలి, వినపడకపోతే షాపు ఫోన్‌లో చూడాలి, అప్పుడే సంచి చేతికివ్వాలి. దసరా రద్దీలో సౌండ్‌బాక్స్ వినపడదు కాబట్టి రెండో మార్గం ముందే సాధన చేయించాలి. మీరే కస్టమర్‌గా నిలబడి పాత స్క్రీన్‌షాట్ చూపించి పరీక్షించండి.

రాత్రి లెక్క ముగించడం ఇంకొకటి. నోట్లు విలువల వారీగా లెక్కించి కాగితం మీద రాయాలి, ఉదయం పెట్టిన చిల్లర తీసేయాలి, మిగిలింది బిల్లింగ్ యంత్రం చూపే నగదుతో సరిపోవాలి. తేడా వస్తే మొదట చూడాల్సింది యూపీఐలో కట్టిన బిల్లు నగదుగా కొట్టారా అన్నది. తేడా మొత్తం సరిగ్గా ఏదో ఒక బిల్లుతో సమానంగా ఉంటే దాదాపు అదే కారణం. పిల్లల జీతంలో కోసే ముందు ఇది చూడండి.

పన్ను కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ. 2,500 వరకు ధర ఉన్న దుస్తుల మీద 5 శాతం, ఆ పైన 18 శాతం జీఎస్‌టీ. కస్టమర్ "రూ. 2,400 డ్రెస్ మీద తక్కువ, రూ. 2,600 మీద ఇంత ఎక్కువేమిటి" అంటే కౌంటర్‌లో ఉన్నవాళ్లు నీళ్లు నమలకూడదు. కురుపాం మార్కెట్ నగల షాపుల్లోనైతే హాల్‌మార్క్ వివరించడం రావాలి. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత, ఆ నగకే ప్రత్యేకమైన ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ మూడూ భూతద్దంలో చూపించి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూపగలిగిన సేల్స్‌గర్ల్ ఉంటే బేరం దానంతట అదే కుదురుతుంది. హెచ్‌యూఐడీ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి.

మాది స్వీట్ షాపు. ఆహార శిక్షణకు సాయముందా?

ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్టాక్ శిక్షణ ఉంది. లైసెన్సు ఉన్న ఆహార వ్యాపారంలో ప్రతి 25 మంది సిబ్బందికి ఒక శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఉండాలి. దీని ఫీజు మామూలుగా షాపే కట్టుకోవాలి. ఒక్క రోజు పని, వాయిదా వేయకండి. విశాఖ ఉక్కపోతలో పాలకోవా, జున్ను ఎంతసేపు బయట ఉంచవచ్చో తెలిసిన మనిషి షాపులో ఉండటం సర్టిఫికెట్ కన్నా ముఖ్యం.

మా దర్జీకి, కంసాలికి పీఎం విశ్వకర్మ వస్తుందా?

2023 సెప్టెంబర్ 17న మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ, కంసాలి రెండూ ఉన్నాయి. శిక్షణ రోజుకు రూ. 500 స్టైపెండ్, పనిముట్లకు రూ. 15,000 వరకు సాయం ఉంటాయి. అయితే అది సొంతంగా చేతివృత్తి చేసుకునేవాళ్లకు, కుటుంబానికి ఒక్కరికే. షాపులో నెల జీతం మీదున్న మనిషిని షాపు తరఫున చేర్చడం కుదరదు.

ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

మే, జూన్. ఇంటర్ ఫలితాలు అప్పటికి వచ్చేసి ఉంటాయి, పిల్లలు పని వెతుకుతుంటారు. ఆషాఢం డిస్కౌంట్ల రోజుల్లో స్టాకు, ధరల పట్టీలు నేర్చుకుంటారు, శ్రావణం పెళ్లి బేరాల్లో పక్కన నిలబడి చూస్తారు, దసరాకు సొంతంగా కౌంటర్ పట్టుకుంటారు. సెప్టెంబర్‌లో తీసుకుంటే నేర్పే తీరిక మీకుండదు, వాళ్లు మూటలు మోస్తూనే సంక్రాంతికి ఊరెళ్లిపోతారు. మళ్లీ రారు.

విశాఖలో ఎవరిని కలవాలి?

అప్రెంటిస్ వ్యవహారానికి కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో అడగండి. అభ్యర్థుల కోసం కంచరపాలెంలోనే ఉన్న జిల్లా ఉపాధి కార్యాలయం. ప్రతి నెలా రెండో సోమవారం జరిగే అప్రెంటిస్‌షిప్ మేళా ఎక్కడ పెడుతున్నారో కూడా అక్కడే తెలుసుకోవచ్చు. గ్రామీణ యువతకు రిటైల్ శిక్షణ ఇచ్చి ఉద్యోగాలు చూపే పని రాష్ట్రంలో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ చేస్తుంది, శిక్షణ పూర్తయిన పిల్లలు కావాలంటే వాళ్లను అడగండి. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి వేరే జిల్లా అయింది. అనకాపల్లి పట్టణంలో మీ షాపు జీవీఎంసీ పరిధిలో ఉన్నా, జిల్లా కార్యాలయాల పని అనకాపల్లిలోనే.

అప్రెంటిస్ మధ్యలో మానేస్తే?

వాళ్ల చివరి రోజు వేసి పోర్టల్‌లో ఒప్పందం ముగించండి, అదే వారంలో. మనిషి లేకుండా హాజరు వేస్తే అది తప్పుడు క్లెయిమ్. మీరే కారణం లేకుండా పంపించేస్తే, లేదా ఒప్పందంలో ఉన్నది నేర్పకపోతే, చివరగా ఇచ్చిన స్టైపెండ్‌కు మూడు నెలల మొత్తం పరిహారంగా ఇవ్వాల్సి రావచ్చు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. ఇవ్వలేకపోతే ఒక నెల ముందే చెప్పండి, పక్క షాపుకు ఒక ఫోన్ చేసి పెట్టండి.

మానేసినవాళ్ల ఒప్పందం, స్టైపెండ్ చెల్లించిన బ్యాంకు వివరం, హాజరు పట్టీ, రోజువారీ పుస్తకం ఒకే ఫైల్‌లో పెట్టి, మీద పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ రాసి అలమరాలో ఉంచండి. తనిఖీకి వచ్చిన అధికారి మొదట అడిగేది ఆ నాలుగు కాగితాలే.